బ్యాకప్ సర్వర్ కొంటున్నారా? డబ్బులు యాడ పెట్టాలో ముందు చూసుకోండి

నెల్లూరు, ఒంగోలు సైడు ఏ కంపెనీలో అయినా డేటాకి ఇంకో కాపీ దాచే బ్యాకప్ సర్వర్ కావాలని వెండర్‌ని పిలిస్తే కొటేషన్‌లో పైన కనపడేది ప్రాసెసర్ పేరే. ఎన్ని కోర్లు, ఎంత స్పీడు, అదే గోల. దాన్ని కాసేపు పక్కన పెట్టేయండి. బ్యాకప్ సర్వర్ పనంతా డిస్కుల మీద, నెట్‌వర్క్ మీద పడేది, రాత్రంతా డేటా మింగుతా కూర్చుంటది అంతే, కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నా మామూలు జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) ఒకటి సరిపోతది.

అసలు ముందు ఓనర్ గారిని, అకౌంట్స్ ఆయన్ని కూర్చోబెట్టి రెండు మాటలు అడగాలి. మెయిన్ సర్వర్ పొద్దున పోయిందనుకోండి, సాయంత్రానికి లేవాలా, రెండ్రోజులు ఆగినా పర్లేదా? నిన్న రాత్రి దాకా ఉన్న డేటా వస్తే చాలా, గంట ముందు కొట్టిన బిల్లు కూడా కావాలా? చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు అయితే ఒక రోజు పోర్టల్లో నేరుగా ఈ-వే బిల్లు కొట్టుకుని ఎట్టనో లాక్కొస్తారు. అదే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో కంటైనర్ లోడింగ్ రోజు సర్వర్ పడిపోతే లాట్ నంబర్లు, ట్రేసబిలిటీ (సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే) కాగితాలు బయటికి రాక బండి గేటు దాటదు. ఈ ఇద్దరికీ ఒకటే డబ్బా అమ్మేవాడు మీ పని చూసి అమ్మట్లేదని అర్థం.

ఇప్పుడు లెక్క. ఒక గిగాబిట్ లైన్‌లో సెకనుకి 110 ఎంబీ దాకా పోతది, అంటే 4 టీబీ వెనక్కి తేవడానికే దగ్గర దగ్గర 10 గంటలు, మధ్యలో ఏదీ తేడా కొట్టకపోతే. సాయంత్రానికి లేవాలి అన్నవాళ్ళకి ఇది కుదరదు కదా, అందుకని ప్రాసెసర్ మీద మిగిల్చిన డబ్బుతో 10 గిగాబిట్ కార్డులు రెండు, ఒక కేబుల్ తీసుకుని మెయిన్ సర్వర్‌కీ బ్యాకప్ సర్వర్‌కీ నేరుగా కలిపేయండి, స్విచ్ కూడా మార్చాల్సిన పన్లేదు. అప్పుడు ఆలస్యం డిస్కులదే, అదే పని మూడు నాలుగు గంటల్లో అయిపోతది.

డిస్క్ ఎంత కావాలంటే, డేటా 4 టీబీ ఉండి రోజుకి ఒక 80 జీబీ మారతా ఉందనుకుందాం. నెల రోజులవి ఉంచుకుంటే ఒక 2.4 టీబీ అదనం, నెలకోటి చొప్పున పాతవి కూడా కొన్ని దాచుకోవాలి, ఏటా డేటా పెరుగుద్ది, అన్నీ కలిపి ఉన్న డేటాకి మూడింతలు వాడుకునే జాగా పెట్టుకోండి. 8 టీబీ డిస్కులు నాలుగు తీసుకుని రెయిడ్ 6 (డిస్కులన్నీ ఒకటిగా కలిపి, రెండు డిస్కులంత జాగా కాపలాకి పక్కన పెట్టే పద్ధతి) గానీ, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో అట్టాంటిదే రెయిడ్-జెడ్2 గానీ వేస్తే చేతికొచ్చేది 16 టీబీ, అందులో ఎనభై శాతం దాటి నింపకుండా చూసుకుంటే సరిగ్గా సరిపోద్ది. రెండు డిస్కులు పోయినా డేటా నిలబడతది. రెయిడ్ 5 (ఒక్క డిస్క్ పోతే మాత్రమే తట్టుకునేది) వద్దనే నా మాట, ఎందుకంటే ఈరోజుల్లో పెద్ద డిస్క్ ఒకటి మార్చి రీబిల్డ్ (పోయిన డేటా కొత్త డిస్క్‌లో మళ్ళీ రాయడం) పెడితే రోజు పైనే పడతది, ఆ టైంలో ఇంకోటి పోయిందంటే ఇక చేసేదేం లేదు.

డిస్క్ కొనేటప్పుడు కెపాసిటీ చూసి ఊరుకోకుండా అది సీఎంఆరా (ట్రాక్‌లు విడివిడిగా ఉండే రకం) ఎస్ఎంఆరా అని వెండర్ దగ్గర రాతలో తీసుకోండి. ఎస్ఎంఆర్ డిస్క్‌లో ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉంటాయి, ఒకచోట మార్చాలంటే పక్కవి కూడా మళ్ళీ రాయాలి, రీబిల్డ్ టైంలో నత్తనడక నడిచి ఒక్కోసారి డిస్కుల్ని నడిపే కంట్రోలర్ ఆ డిస్క్‌ని పోయిందనుకుని బయటికి నెట్టేస్తది. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ రెడ్ డిస్కుల్లో కొన్ని మోడళ్ళు ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవే అయింది, ఆ తర్వాతే రెడ్ ప్లస్ అని సీఎంఆర్ వాటిని వేరు చేశారు. ఇంకోటి, నాలుగు డిస్కులూ ఒకే బ్యాచ్‌వి కాకుండా చూడండి. ర్యామ్ ఈసీసీదే (తప్పు పడితే తనే దిద్దుకునే రకం) ఉండాలి, దీంట్లో బేరం లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడదామనుకుంటే రెయిడ్ కార్డు కాకుండా హెచ్‌బీఏ (డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు కలిపే కార్డు) అడగండి, డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్‌కి నేరుగా కనపడాలి. ఐడ్రాక్ (డెల్), ఐలో (హెచ్‌పీ) లాంటి, దూరం నుంచి సర్వర్‌ని చూసుకునే రిమోట్ పోర్టు ఉంటే కావలి నుంచి కృష్ణపట్నం దాకా పరిగెత్తకుండా ఇంట్లో కూర్చునే రీస్టార్ట్ కొట్టొచ్చు.

మన దగ్గర వేరే తిప్పలు ఉన్నాయి, అవి కంపెనీల బ్రోచర్లలో ఉండవు. మైపాడు, జువ్వలదిన్నె సైడు హేచరీల్లో సర్వర్ మూత తీసి చూడండి, నెట్‌వర్క్ పోర్టుల్లో, ర్యామ్ కాళ్ళ దగ్గర ఆకుపచ్చగా చిలుము కట్టి ఉంటది, సముద్రపు గాలి పని అది. చీమకుర్తిలో అయితే ఫ్యాన్ రెక్కల మీద రాతిపిండి అట్టలు కట్టి ఉంటది. కాబట్టి కిటికీ లేని గది, స్ప్లిట్ ఏసీ, తలుపుకి కింద రబ్బరు పట్టీ, ర్యాక్‌కి కడుక్కునే ఫిల్టర్, వీటికయ్యే ఖర్చు కొటేషన్‌లో కలిపే చూసుకోండి. ఇన్వర్టర్ మీద సర్వర్ నడపొద్దు, ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టి దానికి యూఎస్‌బీ కేబుల్ కలిపి, బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తనే పద్ధతిగా ఆఫ్ అయ్యేట్టు ఎన్‌యూటీ అనే సాఫ్ట్‌వేర్ సెట్ చేసుకోండి, జనరేటర్ వేసే అబ్బాయి భోజనానికి పోయినా ఇబ్బంది ఉండదు. ఎర్తింగ్ గుంట ఎండాకాలంలో ఒకసారి చూపించండి.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ తెలిసినవాళ్ళే ఉన్నారు కాబట్టి విండోస్ సర్వర్ అంటారు, తప్పేం కాదు, కానీ లైసెన్స్ కోర్ల లెక్కన, ఎంత చిన్న సర్వర్ అయినా కనీసం 16 కోర్లకి కట్టాలి. ఆ డబ్బుతో ఇంకో రెండు డిస్కులొస్తాయి. నేనైతే బ్యాకప్‌కి లైనక్సే అంటా, దానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. ఆఫీసులో పీసీలూ మెయిన్ సర్వరూ అన్నీ విండోస్, అన్నీ ఒకే డొమైన్‌లో (అన్నిటికీ కలిపి ఒకే లాగిన్ ఏర్పాటు), ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్, అట్టాంటి చోట రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) దూరితే అదే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ సర్వర్‌లోకీ పోతది. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లొసుగు పట్టుకునే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకింది. బ్యాకప్ ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసి పెట్టుకునే అలవాటు మన ఆఫీసుల్లో జాస్తి, ఆ డ్రైవ్ మీకు కనపడితే వైరస్‌కి కూడా కనపడతది. బ్యాకప్ సర్వర్ ఏ ఓఎస్ అయినా సరే డొమైన్‌లో కలపొద్దు, పాస్‌వర్డ్ వేరే ఉండాలి.

మీవన్నీ ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌లో చాలా సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే వర్చువల్ మెషీన్లు అయితే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టేయండి, ఉచితమే, డెబియన్ అనే లైనక్స్ మీద నడుస్తది, డూప్లికేట్ డేటా తీసేసి మారినదే పంపుద్ది. ర్యామ్ 4 జీబీ పైన టీబీకి ఒక జీబీ చొప్పున వేసుకోండి, మామూలు హార్డ్ డిస్కుల మీద పాత ముక్కలు ఏరేసే పని (గార్బేజ్ కలెక్షన్) బాగా నెమ్మది కాబట్టి మెటాడేటాకి (ఏ ముక్క ఎక్కడుందో చెప్పే వివరాలకి) ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు రెండు మిర్రర్‌లో, అంటే ఒకదానికొకటి కాపీగా, కలపాలి. విడిగా ఉండే విండోస్ సర్వర్‌కి మాత్రం దాంట్లో సొంత క్లయింట్ లేదు. అట్టాంటి చోట వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ బాగుంటది, పది మెషీన్ల దాకా కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, దానికి లైనక్స్ హార్డెన్డ్ రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచే గట్టి జాగా) ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద పెట్టి, చెప్పినన్ని రోజులు బ్యాకప్ ఫైల్‌ని ఎవరూ చెరపలేనట్టు తాళం వేయొచ్చు. చిన్న ఆఫీసుకి ట్రూనాస్ గానీ సైనాలజీ గానీ (నెట్‌వర్క్‌లో పెట్టుకునే స్టోరేజ్) చాలు, కానీ ఇంటి నుంచి చూసుకుందామని ఇంటర్నెట్‌కి పోర్టు తెరిచి పెట్టొద్దు, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అట్ట తెరిచి పెట్టిన క్యూనాప్ కంపెనీ స్టోరేజ్ డబ్బాలనే పట్టుకుంది. సెంటాస్ 7 అనే పాత లైనక్స్ సీడీ ఉందని అది ఎక్కించే వెండర్లు ఇంకా ఉన్నారు, దానికి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది, ఆల్మా గానీ డెబియన్ గానీ వేయమనండి.

ట్యాలీ నడుస్తుండగా దాని ఫోల్డర్ కాపీ కొట్టి బ్యాకప్ అనుకోవద్దు, ట్యాలీలో ఉన్న బ్యాకప్ ఆప్షన్ వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ కూడా ముందు తన బ్యాకప్ ఫైల్ తనే తీయాలి, దాన్ని మీరు లాక్కోవాలి, దాని ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఏజెంట్ (టైముకి పని చేయించేది) ఉండదు కాబట్టి టాస్క్ షెడ్యూలర్‌తో చేయించాలి.

బయట ఇంకో కాపీ తప్పదు. నెల్లూరు ఆఫీసు కాపీ కోవూరు గోడౌన్‌లో పెడితే చాలనుకుంటారు, 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చినప్పుడు కోవూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది, రెండూ ఒకే నీళ్ళ కింద ఉన్నట్టు లెక్క. క్లౌడ్ అయితే ముంబై, హైదరాబాద్ రీజియన్లు ఉన్నాయి, ఆబ్జెక్ట్ లాక్ (చెప్పిన గడువు దాకా చెరపనివ్వని తాళం) ఆన్ చేయండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇది చట్టం పని కూడా, 2022 ఆగస్టులో మార్చిన కంపెనీల అకౌంట్స్ రూల్స్ ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లోకి వెళ్ళాలి, ఆ పుస్తకాలు 8 ఏళ్ళు ఉంచాలి. మొదటి కాపీ నెట్ మీద ఎక్కించాలంటే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో టీబీకి దాదాపు ఒక రోజు, ఓపిక పట్టండి, తర్వాత మారినవే పోతాయి. ఎల్‌టీఓ టేప్ మంచిదే, ఎల్‌టీఓ-9 ఒక క్యాసెట్‌లో 18 టీబీ పడతది, కానీ డ్రైవ్ ధర లక్షల్లో, డేటా యాభై టీబీ దాటని కంపెనీకి నేను చెప్పను.

వెండర్‌కి బిల్లు మొత్తం కట్టేముందు ఒక పాత పీసీ తెప్పించి, రాత్రి తీసిన బ్యాకప్ దాంట్లో వాడి చేతే రీస్టోర్ చేయించండి, అకౌంట్స్ ఆయన్ని పిలిచి నిన్నటి ఓచర్ తెరవమనండి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే ఆ కీ కాగితం మీద ప్రింట్ తీసి ఓనర్ గారి ఇంటి బీరువాలో ఒకటి, ఆడిటర్ దగ్గర ఒకటి ఉంచండి, బ్యాకప్ తీసే సర్వర్‌లోనే టెక్స్ట్ ఫైల్‌గా పెట్టుకునేవాళ్ళు ఉన్నారు మరి.