రెండు లెప్టాన్ల ఘటనల్లో సూపర్‌సిమెట్రీ కణాలను వెతికే విధానం

సెర్న్ ప్రయోగశాలలో ప్రోటాన్ల ఢీలను పరిశీలించే అట్లాస్ బృందం 2020లో విద్యార్థుల కోసం విడుదల చేసిన 13 టెరా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ప్రోటాన్ అభిఘాతాల డేటాను అమలాపురంలోనో భీమవరంలోనో మామూలు ల్యాప్‌టాప్ మీద పైథాన్‌తో విశ్లేషించవచ్చు. అందులో రెండు లెప్టాన్ల (ఇక్కడ ఎలక్ట్రాన్లు, లేదా వాటి బరువైన బంధువులైన మ్యూయాన్లు) భాగాన్ని ఎంచుకోండి. మొదటి అన్వేషణకు అదే అనువైనదని నా అభిప్రాయం.

సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం ప్రకారం తెలిసిన ప్రతి కణానికీ ఇంకా కనబడని ఒక జోడీ కణం ఉంటుంది. మనం వెతికేది లెప్టాన్ల జోడీ కణాలైన స్లెప్టాన్ల జంట. ఒక్కో స్లెప్టాన్ క్షయమై ఒక ఎలక్ట్రాన్‌నో మ్యూయాన్‌నో, దానితోపాటు డిటెక్టర్‌కు చిక్కని న్యూట్రాలినో అనే ఆవేశం లేని సూపర్‌సిమెట్రీ కణాన్నీ ఇస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఎగువ నుంచి వచ్చిన నీటిలోంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకూ సముద్రానికీ వదిలిన నీటిని తీసివేసినప్పుడు లెక్క కుదరకపోతే, నీరు కొలవని దారిన పోయి ఉండాలి, లేదా కొలతే తప్పి ఉండాలి. అలాగే ప్రోటాన్ పుంజానికి లంబంగా ఉండే ద్రవ్యవేగాల సదిశా మొత్తంలో తేలే లోటు న్యూట్రాలినోది కావచ్చు, అలాగే చిక్కని మామూలు కణమైన న్యూట్రినోది కావచ్చు, జెట్ (క్వార్క్ నుంచి ఒకే దిశలో వెలువడే కణాల గుంపు) శక్తిని తప్పుగా కొలవడం వల్లా కావచ్చు.

వ్యతిరేక ఆవేశాలు గల సరిగ్గా రెండు లెప్టాన్లున్న ఘటనలను తీసుకుని, ఒకే రకం జంట (రెండూ ఎలక్ట్రాన్లు, లేదా రెండూ మ్యూయాన్లు) ద్రవ్యరాశి 91 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లకు దగ్గరగా ఉంటే, అది జెడ్ బోసాన్ క్షయం నుంచి వచ్చినదిగా భావించి తొలగించండి. బి-క్వార్క్ జెట్ ఉన్నవి టాప్ క్వార్క్ క్షయం నుంచి వచ్చి ఉండవచ్చు కనుక వాటిని వదిలేయండి. ఆ తరువాత రెండు లెప్టాన్ల ద్రవ్యవేగాల నుంచి, పైన చెప్పిన లోటు నుంచి గణించే ఎంటీ2 అనే రాశి 100 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు దాటాలని నియమం పెట్టండి. ఒక్కోటి ఒక లెప్టాన్, ఒక న్యూట్రినోగా క్షయమయ్యే డబ్ల్యూ బోసాన్ల జంట నుంచి వచ్చే ఘటనలలో అది చాలావరకు డబ్ల్యూ ద్రవ్యరాశి అయిన 80 దగ్గరే ఆగిపోతుంది.

అయినా మిగిలే నేపథ్యాన్ని, అంటే స్లెప్టాన్లను పోలి కనిపించే మామూలు ఘటనలను, సిమ్యులేషన్ మీద మాత్రమే ఆధారపడి అంచనా వేయకండి. డబ్ల్యూ జంటలు ఒక ఎలక్ట్రాన్, ఒక మ్యూయాన్ గల ఘటనలను దాదాపుగా ఒకే రకం జంటలన్నీ కలిపినంత సంఖ్యలో ఇస్తాయి. మనం వెతికే స్లెప్టాన్లు మాత్రం ఒకే రకం జంటనే ఇస్తాయి. కాబట్టి మిశ్రమ జంటల సంఖ్యే డేటా నుంచి దొరికే నేపథ్యపు అంచనా. రెండు లెప్టాన్లను డిటెక్టర్ ఒకేలా గుర్తించదు కనుక, జెడ్ శిఖరం దగ్గర మ్యూయాన్ జంటల సంఖ్యను ఎలక్ట్రాన్ జంటల సంఖ్యతో భాగించి, ఆ భాగఫలం వర్గమూలాన్ని దాని విలోమంతో కలిపి, సగం చేసి, మిశ్రమ జంటల సంఖ్యను దానితో గుణించాలి. నాకు ఈ మొత్తం పనిలో అత్యంత ఇష్టమైన మెట్టు ఇదే. జెడ్ బోసాన్ పాల్గొనే అరుదైన చర్యలను మాత్రం ఈ పద్ధతి పట్టలేదు. వాటిని సిమ్యులేషన్ నుంచి విడిగా కలపాలి.

నియమాలన్నీ స్థిరపడ్డాకే ఒకే రకం జంటల లెక్క తెరవాలి. ముందే చూసి నియమాలు సవరిస్తే, నేపథ్యానికి మించి మనం కోరుకున్న అధికమే మనకు కనిపిస్తుంది. ఆవిష్కరణకు 5 సిగ్మా కావాలి, అంటే ఆ అధికం నేపథ్యపు అనిశ్చితికి సుమారు అయిదు రెట్లు ఉండాలి. అధికం లేకపోతే ఏ ద్రవ్యరాశుల స్లెప్టాన్లను తోసిపుచ్చవచ్చో చెప్పే పరిమితిని 95 శాతం విశ్వాస స్థాయి వద్ద గణించండి. న్యూట్రాలినో ద్రవ్యరాశి స్లెప్టాన్‌కు దగ్గరగా ఉన్నప్పుడు లెప్టాన్లు బలహీనంగా వెలువడి, పై నియమాలన్నింటికీ చిక్కకుండా పోతాయి కనుక, ఆ ప్రాంతాన్ని మన పరిమితిలో చేర్చకూడదు.