ప్రభు సంస్కారానికి ముందు శనివారం రాత్రి భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకోవడం ఎలా?

మా క్రైస్తవ సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభు సంస్కారం, అంటే యేసు ప్రభువును గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. ఆ రోజు గుడి నిండిపోతుంది. పక్కపక్కనే మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే జంటల్లో కొందరికి వారం రోజులుగా మాటల్లేవని నాకు తెలుసు. అదే సాయంత్రం వాళ్లు మా ఇంటికి వస్తారు కాబట్టి తెలుసు. మా ఆయన సంఘ పెద్ద. మా పెళ్లయి 29 ఏళ్లు. అందులో గత 17 ఏళ్లుగా, సంస్కారానికి ముందు శనివారం రాత్రి మేమిద్దరం కూర్చుని, దాచుకున్నది ఏమైనా ఉంటే చెప్పుకుంటున్నాం. కొత్త దంపతులకు కూడా ఇదే నేర్పుతున్నాం. నేర్పినా చాలామంది ఒకే చోట పాడు చేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

శనివారమే ఎందుకంటే, బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ నీ సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23, 24). ఆదివారం గుడిలో గుర్తొస్తే లేచి వెళ్లలేం. ‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అని పౌలు కొరింథు సంఘానికి ఎందుకు రాశాడో కూడా చూడండి. అక్కడ కొందరు ముందే తినేసి, పక్కవాళ్లను ఆకలితో ఉంచుతున్నారు. అంటే ఆ పరీక్షలో పక్క మనిషి సంగతి కూడా ఉంది. మనకు అందరికంటే పక్కనున్న మనిషి భర్త, లేదా భార్య.

బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, అంటే ఈ సంస్కారం తీసుకుంటారు. వాళ్లు నెలకు ఒక శనివారం ఎంచుకుంటే చాలు. కథోలికులైతే పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లే ముందు రోజు పెట్టుకోవచ్చు.

కావలసినవి

చాప, చెరొక చిన్న నోటు పుస్తకం, పెన్సిల్, అచ్చు బైబిలు. ఫోనులో బైబిలు వద్దు, చదువుతుండగానే మెసేజ్ వస్తుంది. మంచం మీద కూర్చోవద్దు, ఒకరు కచ్చితంగా నడుం వాలుస్తారు. చాప మీదే కూర్చోవాలి.

మొదటిది: టైమ్ పెట్టుకోవడం

భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, తొమ్మిది గంటలకు. ముప్పావు గంట చాలు. అత్తమామలతో కలిసి ఉంటే డాబా మీదికి వెళ్లండి. ఏం చేస్తున్నారని అడిగితే ప్రార్థన చేసుకుంటున్నామని చెప్పండి, అది నిజమే.

రెండోది: ఎవరిది వాళ్లు రాసుకోవడం

పది నిమిషాలు, విడివిడిగా. నేను అన్నది, నేను చేసింది, నేను దాచింది మాత్రమే రాయాలి. అవతలివాళ్ల తప్పు ఒక్కటి కూడా ఆ పుస్తకంలోకి రాకూడదు. ప్రేమ ‘అపకారమును మనస్సులో ఉంచుకొనదు’ అని మొదటి కొరింథీయులు 13లో చదువుతాం. అక్కడ గ్రీకులో వాడింది లెక్కల పుస్తకంలో పద్దు రాసుకోవడానికి వాడే మాట. భర్త చేసిన తప్పులు తారీఖులతో సహా రాసుకుని వచ్చిన ఒకమ్మాయిని చూశాను. ఆ కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టించాం.

మూడోది: వాక్యం

ఒకరు పది వచనాలు చదవాలి. ఏదైనా కీర్తన చదవండి. భార్యలు భర్తలకు లోబడాలనే ఎఫెసీ పత్రిక భాగం ఆ రాత్రి తీయవద్దు. తీస్తే దానికి పైనున్న, ఒకరికొకరు లోబడమనే 21వ వచనంతో మొదలుపెట్టి, క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలనే 25వ వచనం దాకా చదవాలి. సగం చదివి ఆపేవాళ్ల వల్ల ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది ఏడ్చారో నేను చూశాను.

చదివాక ప్రార్థన చేయవద్దు. ఈ మాట చెబితే అందరూ ఆశ్చర్యపోతారు. ప్రార్థన చివర్లో ఉంది. ఎందుకంటే ముందే మొదలుపెడితే, మొహం మీద చెప్పలేనిదంతా ప్రార్థనలో దేవుడికి చెబుతారు. ‘ప్రభువా, ఈయన గర్వాన్ని విరగ్గొట్టు’, ‘తండ్రీ, ఈమె నోటికి కాపలా పెట్టు’ అంటారు. కళ్లు మూసుకున్న మనిషి తిరిగి జవాబు చెప్పలేదు, ఆమెన్ అనకుండానూ ఉండలేదు. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని భార్యను తిట్టడాన్ని ప్రార్థన అనకూడదు.

నాలుగోది: చెప్పడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

చిన్న గొడవల సంగతి కాదు నేను చెప్పేది. ‘సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు’ అన్న మాట వాటికి సరిపోతుంది, ఏ రోజు గొడవ ఆ రోజే తీరాలి. కానీ దాచిన సంగతి మీద అవతలివాళ్లకు కోపమే ఉండదు, ఎందుకంటే వాళ్లకు తెలియదు. మీరు హామీ సంతకం పెట్టిన అప్పు, ఎత్తేసి వాడేసిన చీటీ డబ్బు, పుట్టింటికి రహస్యంగా పంపిన సొమ్ము, లోన్ యాప్‌లో తీసుకున్నది, డాక్టర్ చెప్పినా చెప్పని జబ్బు. ఇలాంటివాటి మీద ఎన్ని సూర్యాస్తమయాలు గడిచినా ఇంట్లో గొడవ ఉండదు. చూసేవాళ్లు మంచి కాపురం అనుకుంటారు.

దీనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఉన్నదంతా ఒకేసారి చెప్పాలి. సగం చెప్పి, ఎలా తీసుకుంటారో చూసి, మిగతాది తర్వాత చెబుదాం అనుకోకూడదు.

నేను అలా అనుకున్నదాన్నే. పెళ్లయిన పన్నెండో ఏడు మా తమ్ముడికి అవసరం పడితే నా గాజులు నాలుగూ తాకట్టు పెట్టి డబ్బిచ్చాను. ఆయనకు చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత చెప్పాల్సి వచ్చి, రెండే పెట్టానని చెప్పాను. ఆయన సరేలే అన్నారు. మూడు వారాలకు బీరువాలో రసీదు కనబడింది, నాలుగని ఒప్పుకున్నాను. ఇంకో పది రోజులకు వడ్డీ కట్టడం లేదన్న సంగతి బయటపడింది. ఆయన గాజుల గురించి ఒక్క మాట అనలేదు. ‘ఇంకా ఎన్ని ఉన్నాయి?’ అని మాత్రం అడిగారు. ఆ తర్వాత ఏడాది పాటు నేను కూరగాయల లెక్క చెప్పినా ఆయన కళ్లలో ఆ ప్రశ్నే కనిపించేది. మొదటి రోజే నాలుగు గాజులు, ఇంత అప్పు, ఇంత వడ్డీ అని చెప్పి ఉంటే ఆ ఏడాది మాకు మిగిలేది. మా శనివారాలు మొదలైంది ఆ తర్వాతే.

అపొస్తలుల కార్యములు 5లోని అననీయ, సప్పీరాలను తలచుకోండి. పొలం అమ్మినందుకు వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. డబ్బు దగ్గర ఉంచుకునే హక్కు కూడా వాళ్లకు ఉందని పేతురే అన్నాడు. కొంత దాచుకుని, ఇదే మొత్తం అని చూపించడం దగ్గర పడిపోయారు. వాళ్లు దంపతులన్న సంగతిని మనం ప్రసంగాల్లో తొందరగా దాటేస్తాం. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, ఆ మాట అబద్ధం.

ఇక చెప్పే తీరు. ‘నేను’తో మొదలుపెట్టి, చేసిన పనితో ముగించండి. ‘నేను మార్చిలో ఫలానా వాళ్ల దగ్గర యాభై వేలు తీసుకున్నాను, నీకు చెప్పలేదు’ అంతే. ఎంత, ఎప్పుడు, ఎవరి దగ్గర అన్న మూడూ ఉండాలి. ‘ఏదో కొంచెం చేబదులు’ అంటే చెప్పినట్టు కాదు. ఆ వాక్యం చివర ‘కానీ’ రాకూడదు. ‘కానీ నువ్వు అప్పట్లో నాతో సరిగా మాట్లాడలేదు కదా’ అనగానే ఒప్పుకోలు పోయి ఫిర్యాదు మిగులుతుంది. ఏదెనులో ఆదాము చేసింది అదే. తిన్నానని ఒప్పుకున్నాడు, కానీ నువ్విచ్చిన ఈ స్త్రీయే నాకు ఇచ్చిందని ముందే చెప్పాడు. దాంతో భార్య మీదా, దేవుడి మీదా ఒకేసారి నెపం వేశాడు.

చెప్పేటప్పుడు ఏడుపు వస్తే ఆగండి, నీళ్లు తాగి మళ్లీ చెప్పండి. ఏడుస్తూనే చెబితే అవతలి మనిషి మీ తప్పు వినడం మానేసి మిమ్మల్ని ఓదార్చడంలో పడతారు. అప్పుడు వాళ్ల బాధ ఎవరు వినాలి?

మెసేజ్ చేయవద్దు. ఒకబ్బాయి ఆఫీసు నుంచి పెద్ద మెసేజ్ రాసి భార్యకు పంపి, ఫోన్ ఆపేసుకున్నాడు. చెప్పేసి బరువు దింపుకున్నానని అతను అనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం ఆ మధ్యాహ్నమంతా ఆ బరువుతో ఒంటరిగా కూర్చుంది.

కొందరు మూడు రోజుల దంపతుల సదస్సులకు వెళ్లి వస్తారు. వెళ్లవద్దని అనను, వాక్యం మంచిదే వింటారు. కానీ అక్కడ అందరి ముందు చేతులు పట్టుకుని చెప్పుకునే మాటలు, ఇంటికొచ్చాక కరెంటు బిల్లు ముందు నిలబడవు. ఏడాదికి ఒకసారి మూడు రోజులు కూర్చునే బదులు నెలకు ముప్పావు గంట చాప మీద కూర్చుంటే పని జరుగుతుంది. పాస్టరు అయ్యగారి దగ్గర పంచాయతీ పెట్టడం కూడా నాకు నచ్చదు. మూడో మనిషి ఉంటే ఇద్దరూ ఆయన వైపే చూసి మాట్లాడతారు.

రెండు సందర్భాల్లో మాత్రం ఈ పద్ధతి వద్దు. పరాయి సంబంధం ఉంటే, ముందు దాన్ని పూర్తిగా తెంచుకోండి. ఆ తర్వాత నమ్మకమైన కాపరి (పాస్టరు) సలహాతో, సంస్కారం హడావుడి లేని రోజు చూసుకుని చెప్పండి. చెప్పాలి, కానీ అనవసరమైన వివరాలు వద్దు. ఇక రెండోది, చేయి చేసుకునే భర్త. అక్కా, చెల్లీ, ఈ మాట నీకే చెబుతున్నాను: కొట్టే మనిషి ముందు చాప వేసుకుని కూర్చోవద్దు. ప్రేమ దీర్ఘకాలము సహించును అన్నది దెబ్బలు తినమని కాదు. ముందు పిల్లలతో భద్రమైన చోటికి వెళ్లు. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రమాదంలో ఉంటే 112. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది. సహించుకో అని వెనక్కి పంపే సంఘ పెద్దలు ఉంటే, ఆ విషయంలో వాళ్ల మాట వినక్కర్లేదు.

అయిదోది: వినడం

వినేవాళ్లు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికి, కోపించడానికి నిదానించాలి అని యాకోబు రాశాడు. మొత్తం విన్నాక ‘ఇంకేమైనా ఉందా?’ అని ఒకసారి, మెత్తగా అడగవచ్చు.

ఆ రాత్రే క్షమించేశాను అనమని ఎవరినీ బలవంతపెట్టవద్దు. చాలామంది ‘నేను నిజం చెప్పాను కదా, ఇంకా మొహం ముడుచుకుంటావేంటి’ అంటారు. మీరు ఆ విషయాన్ని నాలుగు నెలలు మోశారు. అవతలివాళ్లకు తెలిసి నాలుగు నిమిషాలే అయింది. సహనం అంటే చాలామంది తప్పు భరించేవాళ్ల పని అనుకుంటారు. తప్పు చేసినవాళ్లకే అది ఎక్కువ కావాలి. గాజుల సంగతి పూర్తిగా తెలిశాక మా ఆయన తొమ్మిది రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. నేను రోజూ వండిపెట్టాను, అడిగినదానికి జవాబు చెప్పాను, మాట్లాడమని వేధించలేదు. పదో రోజు ఆయనే వచ్చి ‘ఆ రసీదు ఇవ్వు, శుక్రవారం వెళ్దాం’ అన్నారు. గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇద్దరం కలిసి కట్టాం.

మనసు కుదుటపడకపోతే ఆ ఆదివారం సంస్కారం తీసుకోకుండా కూర్చోండి. నలుగురూ ఏమనుకుంటారో అని తీసుకోవద్దు. మేం ఆ నెల కూర్చుండిపోయాం.

ఆరోది: దిద్దుకోవడం

బైబిలులో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని అందరి ముందు అన్నాడు. మనం కూడా ఆ రాత్రి ఒక్క పనైనా రాసుకోవాలి. ఎవరికి ఎంత కట్టాలి, ఏ తారీఖున, ఎవరు వెళ్లాలి. అంతకంటే ఎక్కువ రాయవద్దు.

ఏడోది: ప్రార్థన

ఇప్పుడు చేయాలి. చెరి రెండు నిమిషాలు. భర్త భార్య కోసం, భార్య భర్త కోసం. భార్యను సన్మానించకపోతే ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు భర్తలకే రాశాడు కాబట్టి, ముందు భర్త మొదలుపెట్టాలి. పెళ్లి రోజు కాపరి ముందు కలిమిలోనూ లేమిలోనూ అని ఇచ్చిన మాటను ఆ ప్రార్థనలో ఒకసారి మీ సొంత మాటల్లో చెప్పుకోండి. మేం ప్రతి నెలా చెప్పుకుంటాం. తర్వాత పుస్తకంలో ఆ నెల కాగితం చింపి పొయ్యిలో వేయండి, కట్టాల్సిన తారీఖు రాసిన ముక్క మాత్రం ఉంచుకోండి.

ఒక్కో నెల మొదటి ఆదివారం ఒకటో తారీఖునే పడుతుంది. అప్పుడు ఈ శనివారం అంతకు ముందు నెలలోకి పోతుంది, చాలామంది అక్కడే మరిచిపోతారు. ఏడాది మొదట్లోనే గోడ క్యాలెండర్ మీద పన్నెండు శనివారాలకూ పెన్సిల్‌తో చుక్క పెట్టేసుకోండి.