పశువుల మీద కుట్ర జరిగితే: మండలంలో డ్రిల్ ఇలా పెట్టుకోండి

కొన్నేళ్ల కిందట నేను పశువుల డాక్టరుగా పనిచేసిన మండలంలో ఒక తెల్లవారుజామున పద్దెనిమిది గొర్రెలు చచ్చి పడున్నాయి. కాపరి నా దగ్గరికి రాలేదు. "పక్క చేను వాడే మందు పెట్టాడు" అంటూ నేరుగా పోలీస్ స్టేషనుకి వెళ్లాడు. నన్ను పిలిచేసరికి పది దాటింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారడం లేదని చూసుకున్నాకే కత్తి పెట్టాను. అలా కారుతుంటే దొమ్మ రోగమని (ఆంత్రాక్స్) అనుమానించాలి, కోయకూడదు, చెవి నరం నుంచి రక్తం చుక్క స్లైడు మీదికి తీసుకుని ఆగిపోవాలి. అంతవరకు బాగానే చేశాను. తర్వాత కానిస్టేబుల్ తెచ్చిన ఒకే సీసాలో, చిక్కటి ఉప్పు ద్రావణంలో, కాలేయం, మూత్రపిండం, పొట్టలోని మేత అన్నీ వేసేశాను.

విషం కోసం ఫోరెన్సిక్ ల్యాబుకి పంపడానికి ఉప్పు ద్రావణం సరైనదే. జబ్బు కోసం పరీక్షించాలంటే మాత్రం ముక్కలు వేరే సీసాలో, ఐసులో వెళ్లాలి. నెలల తర్వాత రిపోర్టు వచ్చింది: విషం లేదు. మరి ఎందుకు చచ్చాయి? ఉప్పులో ఊరిన ముక్కలతో ఏ ల్యాబ్ ఏం చెబుతుంది? తప్పు నాదే. ఎస్ఐ గారిది నేరం గోల, నాది జబ్బు గోల. రెండూ ఒకే సీసాలోకి వెళ్లాయి.

కావాలని పశువులకు జబ్బు అంటించడం కొత్త ఆలోచనేమీ కాదు. 1915లో ఆంటన్ డిల్గర్ అనే డాక్టరు వాషింగ్టన్ శివారు ఇంట్లో జర్మనీ కోసం ఆంత్రాక్స్, గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే అంటురోగం) క్రిములు పెంచాడు. మిత్రదేశాల సైన్యాలకు వెళ్లే గుర్రాలు, కంచరగాడిదలకు వాటిని ఎక్కించడానికి. మన మండలాల్లో అంతటి గూఢచారి రాకపోవచ్చు, పాత కక్షలకు మాత్రం కొదవ లేదు. ఏదైనా సరే, మొదటి రోజు అది కుట్రో, మామూలుగా వచ్చిన జబ్బో ఎవరూ చెప్పలేరు. అందుకే డ్రిల్, అంటే నిజంగా జరిగిందనుకుని ఎవరేం చేయాలో ముందే అందరూ కూర్చుని సాధన చేయడం.

ముందు కలెక్టరేట్ నుంచి మెమో తెప్పించుకోండి. అది లేకపోతే ఎస్ఐ గారికి బదులు ఒక కానిస్టేబుల్ వచ్చి సంతకం పెట్టి వెళ్తాడు. సోమవారం వద్దు, అది గ్రీవెన్స్ రోజు. ధాన్యం కొనుగోళ్ల సీజనూ వద్దు, తహసీల్దార్ గారు దొరకరు. ఎస్ఐ, తహసీల్దార్, ఎంపీడీఓ, పీహెచ్‌సీ డాక్టరు, పశుసంవర్ధక సహాయకులు, ఇద్దరు ఫారం ఓనర్లు, గుడ్లు ఎత్తే ఏజెంటు ఒకరు ఉంటే చాలు. భోజనం డ్రిల్‌కి ముందే పెట్టించండి. మేము తర్వాత పెట్టించాం, చికెన్ కూర ఒక్కరూ ముట్టలేదు.

కథ చీటీల మీద రాసుకుని ఇరవై నిమిషాలకొకటి విప్పండి. మా మొదటి చీటీ: "మూడో షెడ్డులో రాత్రికి రాత్రి 1,200 కోళ్లు పోయాయి. మిగతా షెడ్లు బాగున్నాయి." అడగాల్సింది ఒక్కటే, మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? అందరూ "డాక్టరుగారికే" అన్నారు. అంటే నాకు ఎనిమిది ఫోన్లు వస్తాయి, ఇంకెవరూ ఇంకెవరికీ చేయరు. ఎవరు ఎవరికి చేయాలో బోర్డు మీద గీతలు గీసి పెట్టుకున్నాం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం యజమాని గ్రామాధికారికో, పంచాయతీకో చెప్పాలి. కాబట్టి మొదటి గీత అక్కడి నుంచే. ఓనర్లకు ఇంకో మాట కూడా చెప్పండి: పరిహారం మనం చంపించే కోళ్లకే, అప్పటికే చచ్చినవాటికి రాదు. ఇది విన్నాక దాచిపెట్టే ఆలోచన తగ్గుతుంది.

రెండో చీటీ: "నిన్న సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరో తెలియని మనిషిని వాచ్‌మన్ చూశాడు." ఇక్కడే ఎస్ఐ గారికీ నాకూ వాదన వచ్చింది.

"షెడ్డులో దేన్నీ కదిపేది లేదు డాక్టరుగారూ, క్లూస్ టీమ్ రావాలి."

"సాయంత్రం దాకా ఉంచితే పక్క షెడ్లు కూడా పోతాయి సార్."

గంట వాదించుకున్నాక తేలింది ఇది. పోలీస్ జీపు గేటు బయటే ఆగుతుంది. లోపలికి ఒకటే దారి, ఫుట్‌బాత్ (కాళ్లు ముంచే మందు నీళ్ల తొట్టి) దాటి, పీపీఈ కిట్ వేసుకుని. ముందు ఫొటోలు. తర్వాత నీళ్లు, మేత, చచ్చిన కోళ్ల నుంచి శాంపిళ్లు రెండు సెట్లు, ఒకటి విషం కోసం, ఒకటి జబ్బు కోసం. సీసా సీసాకీ లేబులు, సీలు, పంచనామాలో ఇద్దరి సంతకాలు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో టైముతో సహా రాయాలి. ఇవన్నీ అయ్యేదాకా బ్లీచింగ్ చల్లకూడదు, అయ్యాక ఒక్క నిమిషం ఆగకూడదు. పశువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ ఉంది, కానీ శాంపిల్ చేతులు మారిన లెక్క లేకపోతే కోర్టులో కేసు నిలబడటం కష్టం.

మిగతా చీటీలు త్వరగానే తేలాయి. గుడ్ల లారీ రాత్రే బెంగాల్ వైపు వెళ్లిపోయింది, డ్రైవరు నంబరు ఏజెంటు దగ్గరుంది. ఫారంలో పనిచేసే కుర్రాడికి జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి. కోళ్లు పట్టేవాళ్లకు ముందుగా ఇచ్చే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ స్టాకు ఎంతుందని అడిగితే పీహెచ్‌సీ డాక్టరుగారు ఫోన్ తీసి ఫార్మసిస్టుని అడగాల్సి వచ్చింది. వాట్సాప్‌లో "చికెన్‌లో విషం" అని ఆడియో తిరుగుతోంది, దానికి తహసీల్దార్ గారు ఒక్కరే మాట్లాడాలని రాసుకున్నాం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని కానూరు అగ్రహారం, వేల్పూరుల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చినప్పుడు, కిలోమీటరు పరిధిని ఇన్ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్లను సర్వైలెన్స్ (నిఘా) జోన్ అన్నారు. పేపర్లో చదవడానికి సులువే. మా మ్యాపు మీద కంపాస్ పెట్టి గీస్తే పది కిలోమీటర్ల గీత పక్క జిల్లాలోకి పోయింది. అక్కడి ఎస్ఐ గారిని మేం పిలవనే లేదు.

ఇంకొకటి, కోళ్లను పూడ్చే గొయ్యి. డెల్టాలో ఆరడుగులు తవ్వకముందే నీళ్లు ఊరతాయి. అందుకని మెరక స్థలం ముందే చూసి పెట్టుకోండి, సున్నం బస్తాలు ఎవరి దగ్గర దొరుకుతాయో, జేసీబీ ఎవరిదో రాసుకోండి.

ఈ ఫోన్ నంబర్లన్నీ రాసుకున్న కాగితం ఆరు నెలలకోసారి చూడాలి. మొన్న నేనే కూర్చుని పదకొండు నంబర్లకూ చేశాను. మూడు పనిచేయలేదు. జేసీబీ ఓనరు దాన్ని అమ్మేసి వరికోత మిషను కొన్నాడట.