నల్లమలలో వేసవి మంటల కాలానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఫైర్ లైన్లలో (మంట వ్యాపించకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల్లో) ఎండుగడ్డిని కాల్చే పనిని ఫిబ్రవరి మధ్యలోపే, గాలి నెమ్మదించిన ఉదయపు వేళల్లో ముగించి, చివరి నిప్పురవ్వ ఆరేవరకు సిబ్బంది అక్కడే ఉండాలి. ఆలస్యమైతే, ఆకురాలిన అడవిలో రక్షణ కోసం పెట్టిన మంటే కార్చిచ్చుగా మారి, నేల మీది గూళ్లను, మొలకలను దహించివేస్తుంది.

ఇప్పపూలు రాలకముందే చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) వెళ్లి మాట్లాడాలి. పూలు ఏరడానికి చెట్ల కింద ఆకులను కాల్చకుండా ఊడ్చినా సరిపోతుంది. అడవిని వారికన్నా ఎరిగినవారు లేరు గనుక మంటలను కనిపెట్టే ఫైర్ వాచర్లుగా మొదట వారినే తీసుకోవాలి.

శ్రీశైలం రహదారి అంచుల్లోని ఎండుగడ్డిని ముందే తొలగించాలి. ఆర్పని బీడీ ఒక్కటి చాలు.

జంతువులు నీళ్లు తాగే సాసర్ పిట్లను (పళ్లెం ఆకారపు తొట్లను) రోడ్డుకు దూరంగా ఏర్పాటు చేయాలి, లేకుంటే దాహంతో వచ్చే జింకలు వాహనాల కింద పడతాయి.

అభయారణ్యానికి ముప్పు కలిగేలా అందులో నిప్పు రాజేయడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ నిషేధిస్తుందని యాత్రికులకు ప్రవేశ ద్వారం వద్దే చెప్పాలి.