తాతల నాటి పదెకరాలను కాగితాల మీదికి ఎక్కించుకోవడం ఎలా

మాది సౌత్ కరొలైనా తీరంలోని సెయింట్ హెలీనా దీవి. నాకు 28 ఏళ్లు, ఇళ్లకు కరెంటు పని చేస్తాను, మూడేళ్ల కూతురుంది. ఆ పిల్ల ఇప్పుడు పరుగులు పెడుతున్న నేలను కొన్నది మా ముత్తాతకు తాత. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగానే, పన్ను కట్టకుండా పారిపోయిన తోటల యజమానుల భూముల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి కుటుంబాలకు ఎకరం డాలరున్నర చొప్పున అమ్మింది. ఆయన పదెకరాలు తీసుకున్నాడు. నిన్నటిదాకా తనకే వెల కట్టిన చోట, తాను వెల చెల్లించి నేల కొన్నాడు.

నేను కోరుకునేది ఒకటే. నా కూతురు పెద్దయ్యాక మా నేలలోని ఓక్ చెట్టు పక్కన ఇల్లు కట్టుకోవాలనుకుంటే, బ్యాంకులో చూపించడానికి దాని చేతిలో కాగితం ఉండాలి. అట్లాంటాలో అద్దెకుంటున్న మా అన్న తిరిగొస్తే అతనికీ ఒక చోటుండాలి. పక్కనున్న హిల్టన్ హెడ్ దీవికి 1956లో వంతెన కట్టారు. ఆ తర్వాత గోల్ఫ్ మైదానాలు, గేట్లు వేసిన కాలనీలు వచ్చాయి. అక్కడి మావాళ్ల భూములు ఒక్కొక్కటిగా చేతులు మారాయి. మా దీవిలో అలాంటి కాలనీలు, గోల్ఫ్ మైదానాలు రాకుండా 1999లో కౌంటీ (మన జిల్లాలాంటిది) ప్రత్యేక నిబంధన పెట్టింది. అది గోల్ఫ్ మైదానాన్ని ఆపుతుంది కానీ, మన ఇంట్లోని చిక్కును విప్పదు. ఆ చిక్కు పేరు ఎయిర్స్ ప్రాపర్టీ, అంటే వీలునామా లేకుండా తరాలుగా దిగివచ్చిన వారసుల ఉమ్మడి భూమి.

రికార్డుల్లో మా భూమి ఇప్పటికీ 1958లో పోయిన ముత్తాత పేరు మీదే ఉంది. ఆయనకు ఏడుగురు పిల్లలు. అందులో ఒకరైన మా తాతయ్య 2009లో పోయారు, ఆయనా వీలునామా రాయలేదు. మా రాష్ట్ర చట్టం ప్రకారం ఆయన వాటాలో సగం నాన్నమ్మకు, మిగతా సగం నలుగురు పిల్లలకు. అంటే మా నాన్నకు దక్కింది మొత్తంలో 56వ వంతు. అది ఫలానా మూల అని గీత గీసి చూపించే ముక్క కాదు. ప్రతి గడ్డిపరకలోనూ అందరికీ వాటా ఉంటుంది, ఎవరి పేరూ కనిపించదు. 2016 అక్టోబరులో మాథ్యూ తుఫాను నాన్నమ్మ ఇంటి పైకప్పు లేపుకుపోయింది. మరమ్మతుకు సాయం అడగడానికి వెళితే, "ఈ ఇల్లు మీదేనని రుజువేది?" అన్నారు. అరవై ఏళ్లు అదే వసారాలో కూర్చున్న మనిషిని అలా అడిగారు. ఆ రోజే నేను ఈ పని మొదలుపెట్టాను.

ముందు పన్ను. మిగతావన్నీ ఆలస్యమైనా పరవాలేదు, ఇది కాకూడదు. మా రాష్ట్రంలో జనవరి 15 గడువు, 16 నుంచే జరిమానా పడుతుంది. బకాయి పేరుకుంటే మా బ్యూఫోర్ట్ కౌంటీ అక్టోబరులో ఆ భూమిని వేలం వేస్తుంది. వేలమైన రోజు నుంచి విడిపించుకోవడానికి 12 నెలలే ఉంటాయి. బిల్లు చనిపోయిన వాళ్ల పేరున పాత చిరునామాకు వెళ్తోందేమో కౌంటీ ఆఫీసుకు వెళ్లి చూసుకోండి. మాది పదకొండేళ్లపాటు ఫిలడెల్ఫియాలో ఎవరూ లేని ఇంటికి వెళ్లింది, నాన్నమ్మ తానే ఏటా గుర్తుపెట్టుకుని కట్టింది. సొంతంగా నివసించే ఇంటికి పన్ను లెక్క దాని విలువలో 4 శాతం మీద, లేకపోతే 6 శాతం మీద వేస్తారు. ఉమ్మడి భూమిలో కాపురమున్న వారసులు కూడా 4 శాతానికి అర్జీ పెట్టుకోవచ్చు. రసీదులన్నీ దాచండి. అయితే ఒక్కరే పన్ను కట్టినంత మాత్రాన భూమి ఆ ఒక్కరిదైపోదు. మా ఇంట్లో సగం గొడవలు ఈ అపోహ వల్లే వచ్చాయి.

తర్వాత వంశవృక్షం. నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది దీనికే, పద్నాలుగు నెలలు. లాయరు దగ్గరికి పరిగెత్తకముందే ఇది చేయండి, వాళ్లు ఎలాగూ ముందుగా అడిగేది ఇదే. పాత బైబిల్ అట్ట లోపల పుట్టినరోజులు రాసుంటాయి. అంతకన్నా విలువైనవి, చర్చిలో అంత్యక్రియల రోజు పంచే పత్రాలు. పోయినవారి ఫొటో కింద వారి పిల్లలు, మనవలు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో అన్నీ ఉంటాయి. మన నల్లజాతి ఇళ్లల్లో వాటిని ఎవరూ పారేయరు. నాన్నమ్మ మంచం కింద బిస్కెట్ డబ్బాలో 41 దొరికాయి. ఒక్కొక్కటి తీసి చూపిస్తుంటే ఆవిడ ఒక్కో కథ చెప్పింది. నేను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మీరూ చేయండి, ఆ గొంతు రేపుండదు. స్మశానంలో సమాధుల మీది తేదీలు కూడా రాసుకోండి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే 1870 జనాభా లెక్కలు చూడండి. బానిసత్వం నుంచి బయటపడిన మనవాళ్లను దేశమంతటా పేరుపేరునా రాసుకున్న మొదటి లెక్కలవి. అందులో మా ముత్తాతకు తాత పేరు, వయసు చూసినప్పుడు నేను కాసేపు లైబ్రరీ బయటికొచ్చి నిలబడ్డాను.

పెళ్లికి బయట పుట్టిన పిల్లల్ని వదిలేయకండి. పెద్దవాళ్లు చెప్పడానికి ఇబ్బంది పడతారు, సహజమే. తర్వాత ఆ వారసులు బయటపడితే కోర్టు పని మళ్లీ మొదటికొస్తుంది. అంతకు మించి, వాళ్లూ మనవాళ్లే కదా. నాకు అలా సవానా నగరంలో ఒక పెదనాన్న దొరికారు. మా తాతయ్య నవ్వు ఆయన ముఖంలో ఉంది.

బంధువులకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను తప్పు చేశాను. ఫిలడెల్ఫియాలోని మేనత్తకు కుశలమైనా అడక్కుండా సంతకాల సంగతి ఎత్తాను. "ఇన్నేళ్లకు గుర్తొచ్చానా? నా వాటా లాక్కోడానికేగా?" అంది. "లేదత్తా, నీ పేరు కాగితంలో ఎక్కించడానికే," అన్నాను. నమ్మలేదు. మూడో ఫోన్‌కి కానీ మెత్తబడలేదు, అదీ నాన్నమ్మ పక్కన కూర్చుని మాట్లాడాకే. అందుకే మొదటి ఫోన్‌లో భూమి ఊసే ఎత్తకండి. వంశవృక్షంలో వాళ్ల కొమ్మ గీసి పంపి, తప్పులుంటే దిద్దమనండి. తమ పేరు, తమ పిల్లల పేర్లు అందులో చూసుకున్నాక మనుషులు మారతారు.

ఇప్పుడు లాయరు. ఈ పని తెలిసినవాళ్లే కావాలి. చార్ల్‌స్టన్‌లో 2005 నుంచి సెంటర్ ఫర్ ఎయిర్స్ ప్రాపర్టీ ప్రిజర్వేషన్ అనే సంస్థ అచ్చంగా ఈ పనే చేస్తోంది. మా రాష్ట్రంలో మనిషి పోయిన పదేళ్లలోపు ప్రొబేట్ కోర్టులో, అంటే వీలునామాలు, వారసత్వాలు చూసే కోర్టులో, ఆస్తి వ్యవహారం తెరవాలి. పదేళ్లు దాటితే వారసులెవరో తేల్చమని విడిగా దావా వేయాలి. మాకు తాతయ్యదీ ముత్తాతదీ రెండూ దాటిపోయాయి. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఆగకండి. వాయిదా వేసిన ప్రతి ఏడాదీ కొత్త వారసుల్ని తెస్తుంది. కోర్టు పని నడుస్తుండగా సర్వే చేయించి హద్దులు గీయించండి. మా తూర్పు హద్దు ఒక మొద్దుగా మిగిలిన చెట్టు, దాన్ని చూపించగలిగింది నాన్నమ్మ ఒక్కతే.

ఎవరో ఒక బంధువు తన వాటా బయటివాళ్లకు అమ్మేయొచ్చు. మాకు జరిగింది. ఎప్పుడూ ఇక్కడ అడుగుపెట్టని ఒక వరస తమ్ముడు తన 21వ వంతు ఒక కంపెనీకి అమ్మాడు. ఆ కంపెనీ భూమి మొత్తాన్నీ అమ్మి పంచమని కోర్టుకెక్కింది. పాత పద్ధతిలో అయితే కోర్టు మెట్ల మీద వేలం, అగ్గువ ధర, అందరూ రోడ్డు మీద. మమ్మల్ని కాపాడింది 2017 జనవరి 1 నుంచి మా రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన చట్టం. దానికి క్లెమెంటా పింక్నీ పేరు పెట్టారు. ఆయన రాష్ట్ర సెనేటరు, పాస్టరు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని తన చర్చిలోనే మరో ఎనిమిది మందితో పాటు హత్యకు గురయ్యారు. ఈ చట్టం ప్రకారం కోర్టు ముందు భూమికి సరైన వెల కట్టించాలి. అమ్మకం కోరినవాళ్ల వాటాను ఆ వెలకు కొనుక్కునే హక్కు మిగతా వారసులకు ఉంటుంది. కొంటామని చెప్పడానికి 45 రోజులు ఇస్తారు, డబ్బు కట్టడానికి ఆ పైన కనీసం 60 రోజులు. అన్ని రాష్ట్రాల్లో ఈ చట్టం లేదు, మీ దగ్గర ఉందో లేదో కనుక్కోండి. కోర్టు నుంచి కవరొస్తే చించి పక్కన పడేయకండి, రోజుల లెక్క ఆ కవరుతోనే మొదలవుతుంది. మేం 23 మందిమి డబ్బు పోగేశాం. రొయ్యల పడవ మీద పనిచేసే బాబాయి ఆ సీజను సంపాదనంతా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫిలడెల్ఫియా మేనత్త అందరికంటే ముందు పంపింది.

వారసులు తేలాక భూమిని మళ్లీ చీలిపోనివ్వకండి. కొందరు ట్రస్టు పెట్టుకుంటారు, మేం కుటుంబం పేరుతో ఎల్ఎల్‌సీ, అంటే అందరూ సభ్యులుగా ఉండే ఒక కంపెనీ, పెట్టుకుంటున్నాం. వాటా అమ్మాలంటే ముందు కుటుంబానికే అమ్మాలి, కాపురమున్నవాళ్లు పన్ను కట్టాలి, ఇల్లు కట్టుకోవాలంటే ఎవరెవరు ఒప్పుకోవాలి, ఇవన్నీ అందులో రాస్తున్నాం. స్మశానం జోలికి ఎవరూ వెళ్లకూడదన్నది మొదటి షరతు. ఇక పెద్దవాళ్లందరి చేతా వీలునామా రాయించండి. మా రాష్ట్రంలో ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, సాక్షుల్లేకుండా చేత్తో రాసి దాచిన కాగితం చెల్లదు. నేనూ రాశాను. ఈ వయసులో అదేంటని స్నేహితులు అడిగారు. నాకు కూతురుంది, అందుకే.

జులైలో మా కుటుంబ సమావేశం. ఒక నోటరీని, ఇద్దరు సాక్షుల్ని పిలిచాం, మిగిలిన సంతకాలన్నీ ఓక్ చెట్టు కిందే పెట్టించేస్తాం. వంశవృక్షాన్ని దుప్పటంత గుడ్డ మీద రాయించాను. ఇంకా దొరకని నలుగురి చోటు ఖాళీగా ఉంచాను, చూసినవాళ్లెవరైనా పేరు చెప్పగలరేమోనని పక్కన పెన్ను కట్టి పెడుతున్నాను.