తొలకరికి ముందే పిడుదుల జ్వరానికి సిద్ధపడండి

మూడేళ్ల కిందట వానలు మొదలైన కొత్తలో మా జెర్సీ ఆవు మేత మానేసింది. మామూలు జ్వరమేలే అనుకుని మూడు రోజులు సూదులు వేయించాను. నాలుగో రోజు రక్తం చూపిస్తే థైలీరియా అన్నారు, అంటే పిడుదులు కుట్టడం వల్ల సోకే జ్వరం. అప్పటికి కింది రెప్ప లాగి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది. మర్నాడే పోయింది. సంకరజాతి ఆవులున్నవాళ్లకు ఆ కష్టం రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక థర్మామీటరు కొనిపెట్టుకోండి. పశువుకు మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే చెవుల లోపల, గంగడోలు ముడతల్లో, తోక కింద, పొదుగు పక్కన పిడుదులు (కొన్ని ఊళ్లలో గోమార్లంటారు) ఉన్నాయేమో వెతకండి. తర్వాత భుజం ముందు వేళ్లతో తడమండి. నిమ్మకాయంత బిళ్ల (వాచిన గ్రంథి) చేతికి తగిలిందా, థైలీరియాను గట్టిగా అనుమానించాలి. మూత్రం కాఫీ రంగులో పోస్తుంటే బబీసియా కావచ్చు, ఇదీ పిడుదుల వల్ల వచ్చేదే. కానీ ఈనిన కొద్ది వారాలకు, జ్వరం లేకుండానే అలా పోస్తే భాస్వరం తగ్గడం వల్ల కూడా కావచ్చు, గేదెల్లో మరీను. పిడుదుల వల్ల వచ్చే మూడో జ్వరం అనాప్లాస్మాలో మూత్రం ఎర్రబడదు, కళ్లు పచ్చబడతాయి, పేడ గట్టిపడుతుంది.

ఇవన్నీ అనుమానాలే, తేల్చేది రక్తమే. మూడింటికీ మందులు వేరు. అందుకే జ్వరం ఉండగానే, మందు పడకముందే రక్తం తీయమని డాక్టరుగారిని అడగండి. చెవి కొనన గుచ్చి, ఒక చుక్కను గాజు స్లైడు మీద పలుచగా లాగి ఆరబెడతారు. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. స్లైడులో ఏమీ లేదన్నా బిళ్ల వాచి ఉంటే ఊరుకోకండి. తొలి రోజుల్లో థైలీరియా రక్తంలో కన్నా ఆ బిళ్లలోనే ముందు దొరుకుతుంది, దాన్నుంచి సూదితో తీసి చూడమనండి. రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

రెండు నెలలు దాటిన సంకరజాతి దూడలకు థైలీరియా టీకా గురించి ఇప్పుడే అడగండి. కొత్తగా కొన్న పశువును కొన్నాళ్లు విడిగా కట్టేయండి. పిడుదుల మందు ఒంటికి పూస్తే చాలదు, గోడ పగుళ్లలోనే అవి గుడ్లు పెడతాయి. పగుళ్లు పూడ్చి, డాక్టరు చెప్పిన మోతాదులో అక్కడ కూడా పిచికారీ చేయాలి. పీకిన పిడుదుల్ని మాత్రం చేత్తో నలపకండి. వాటి నుంచి మనుషులకూ ప్రాణాంతక జ్వరాలు సోకవచ్చు. గ్లవుజులు తొడుక్కుని, పట్టకారుతో లాగి కిరోసిన్ డబ్బాలో వేయండి.