జ్వరం, ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన మనిషి కిడ్నీల మీద ఇంటివాళ్లు ఎలా కన్నేసి ఉంచాలి

ఫ్లూ కానివ్వండి, కోవిడ్ కానివ్వండి, ఆయాసంతో మనిషిని ఆస్పత్రిలో చేర్పించగానే ఇంటిల్లిపాది చూపూ ఆక్సిజన్ నంబర్ మీదే ఉంటుంది. 94 కాస్తా 91 అయితే చాలు, నర్సు దగ్గరికి పరుగు. అదే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారే మూత్రానికి వెళ్తే మాత్రం "ఏమీ తాగట్లేదుగా, అందుకే" అని ఊరుకుంటారు. మూత్రం అలా తగ్గడం కిడ్నీ దెబ్బతింటోందనడానికి గుర్తు కావచ్చు. ఇలా దెబ్బతినే కిడ్నీ చాలాసార్లు నొప్పి పుట్టించదు, ఏ మానిటరూ మోగదు. అందుకే దాన్ని కాగితం మీద రాసి పట్టుకోవాలి, ఆ పని పక్కనున్న మనిషి చేతిలో ఉంటుంది.

ఇది అరుదైన సంగతి కాదు. 2020 మార్చి, ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రాంతంలోని నార్త్‌వెల్ ఆస్పత్రుల్లో కోవిడ్‌తో చేరిన 5,449 మందిని చూస్తే 36.6 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లలో అయితే నూటికి దాదాపు 90 మందికి. అవి మొదటి వేవ్ రోజుల అంకెలు, ప్రతి వార్డుకీ అవే వర్తించవు. కానీ కారణాలు మాత్రం ఇప్పటికీ అవే: జ్వరంతో ఒళ్లు ఎండిపోవడం, వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం, పైన మనం వేసిన మందులు. తరచుగా వీటిలో రెండు మూడు కలిసే వస్తాయి.

చేరిన రోజే చేయాల్సిన మొదటి పని, పాత క్రియాటినిన్ రిపోర్టు వెతకడం. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే అంకె పెరుగుతుంది. షుగర్ పరీక్షలతో పాటు చేసింది, ఎప్పుడో ఆపరేషన్‌కు ముందు చేసింది, ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్, ఏదైనా సరే. ఎందుకంటే ల్యాబ్ కాగితం మీద "నార్మల్" అని ఉన్నంత మాత్రాన ఆ మనిషికి నార్మల్ అనుకోలేం. బక్కపల్చటి అమ్మమ్మకి కండ తక్కువ, కాబట్టి ఆవిడ క్రియాటినిన్ ఎప్పుడూ 0.5, 0.6 దగ్గరే ఉంటుంది, అది 1.1 అయిందంటే రిపోర్టులో ఎర్ర గుర్తు పడకపోవచ్చు, కానీ దాదాపు రెట్టింపు అయినట్టే. 2012 నుంచి డాక్టర్లు వాడుతున్న కేడిగో (కిడ్నీ జబ్బులకు మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ) లెక్క ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా, ఆరు గంటల పాటు మూత్రం కిలో బరువుకు గంటకు 0.5 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వచ్చినా, కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చిన మనిషి అయితే, లేదా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లయితే, ముందు నుంచే 1.8 ఉండి ఉండొచ్చు. పాత రిపోర్టు లేకపోతే అది కొత్త దెబ్బో పాత జబ్బో తేల్చుకోవడం డాక్టర్‌కి కూడా కష్టమే.

రెండో పని, ఇంటి దగ్గర వాడిన మందులన్నీ ఒక కవర్లో వేసి డ్యూటీ డాక్టర్ ముందు పెట్టండి. స్ట్రిప్పులతో సహా, దాచకుండా. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒళ్లు నొప్పులకు వేయించుకున్న సూదులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మాత్రలు, పసరు మందులు, అన్నీ చెప్పాలి. డాక్టర్ తిడతాడేమో అని ఇంటివాళ్లు సరిగ్గా వీటినే చెప్పకుండా దాచేస్తారు! ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఈ నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, మూత్రం ఎక్కువ రావడానికి వేసే మాత్ర కూడా నడుస్తుంటే మూడూ కలిసి ముంచుతాయి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ చెప్పిన డోసులోనే. బీపీ మాత్రలు, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు వేయాలా ఆపాలా అన్నది డాక్టర్‌నే అడగండి. ఇంటి డబ్బాలోంచి తీసి మీరే వేసేయకండి.

ఇక అసలు పని, మూత్రం లెక్క. ఒక నోట్‌బుక్ కొని గీతలు కొట్టుకోండి: టైము, లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. ఉదాహరణకు "ఉదయం 6 నుంచి 10: నీళ్లు 150, జావ 100, సెలైన్ 300. మూత్రం 90, ముదురు పసుపు." 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు అడుగు గీత, అంటే ఆరు గంటలకు 180, అర లీటరు బాటిల్‌లో సగం కూడా కాదు. పై ఉదాహరణలో నాలుగు గంటలకు 120 రావాల్సింది 90 వచ్చింది. మధ్యాహ్నం దాకా అదే తీరు అయితే నర్సుకి నోటితో చెప్పి ఊరుకోకండి, నోట్‌బుక్ చూపించండి. నడవగలిగే పేషెంట్ బాత్రూంకి వెళ్లేటప్పుడు కొలత గీతలున్న యూరిన్ క్యాన్ ఇవ్వండి. డైపర్ వేసి ఉంటే పొడి డైపర్ బరువు ముందే చూసుకుని, తడిసినదాని బరువులోంచి తీసేయండి, గ్రాముకు ఒక మిల్లీలీటరు.

యూరిన్ బ్యాగ్ ఉంటే అది మంచం కన్నా కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. ఖాళీ చేసే ముందు అంకె రాసుకుంటామని వార్డ్ బాయ్‌కి ఒక మాట చెప్పి పెట్టండి, లేకపోతే పొద్దున్నే వచ్చి పారబోసి పోతాడు, రాత్రి లెక్క గల్లంతు. మూత్రం ఒక్కసారిగా ఆగిపోతే ముందు ట్యూబు వైపు చూడండి, తొడ కింద నలిగి ఉంటుంది చాలాసార్లు. ట్యూబు బాగానే ఉండి పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉంటే వెంటనే చెప్పాలి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనలకు మూత్రం లోపలే నిలిచిపోవడం మామూలే, ట్యూబు లేనివాళ్లకైతే మరీను. రంగు డికాషన్‌లా నల్లబడితే అది వేరే కథ. ఫ్లూలోనూ కోవిడ్‌లోనూ కొందరికి కండరాలు కరిగి ఆ పదార్థం కిడ్నీల్లో చేరుతుంది, అప్పుడు "సీపీకే పరీక్ష చేశారా సార్?" అని అడగండి, కండరాలు దెబ్బతిన్నాయో లేదో చెప్పే రక్త పరీక్ష అది.

రిపోర్టులు చదివేటప్పుడు ఒక తికమక. కిడ్నీలు బయటికి పంపే ఇంకో వ్యర్థం యూరియా. కొన్ని ల్యాబులు దాన్ని యూరియాగానే రాస్తాయి, కొన్ని అందులోని నైట్రోజన్‌ని మాత్రమే లెక్కగట్టి బీయూఎన్ అని రాస్తాయి, బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది, కాబట్టి బీయూఎన్ 20 అంటే యూరియా దాదాపు 43. ల్యాబ్ మారినప్పుడు ఇది తెలియక, ఒక్క రాత్రిలో యూరియా రెట్టింపు అయిందని వార్డు బయట ఏడ్చేవాళ్లున్నారు. స్టెరాయిడ్లు వేస్తున్నా యూరియా ఒక్కటే పెరగొచ్చు. క్రియాటినిన్ కూడా పెరుగుతోందా అన్నది చూడండి. అదీ దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ అంకెల్లో కనిపించదు, అందుకే మూత్రం నోట్‌బుక్ దానికన్నా ముందు కబురు చెబుతుంది.

చూడ్డానికి వచ్చే బంధువుల సంగతి. ఒకరు కొబ్బరి బోండాలు, ఇంకొకరు బత్తాయి రసం, "కిడ్నీలు కడిగినట్టు అవుతుంది, పట్టించండమ్మా" అని. మూత్రం తగ్గిన మనిషికి వీటిలోని పొటాషియం బయటికి పోయే దారి ఉండదు. రక్తంలో అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం. నీళ్లు కూడా అంతే, ఎండిపోయి ఉంటే కావాలి, కానీ ఊపిరితిత్తులు అప్పటికే నిమ్ము పట్టి ఉంటే లీటర్లకు లీటర్లు పట్టించడం వల్ల ఆయాసం పెరుగుతుంది. రోజుకు ఎంత తాగొచ్చో అంకె అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. పాదాలు ఉబ్బాయా, ఆక్సిజన్ నిన్నటికన్నా ఎక్కువ పెట్టాల్సి వస్తోందా అన్నదీ గమనించండి.

రౌండ్స్‌లో డాక్టర్ మీ మంచం దగ్గర రెండు నిమిషాలు ఉంటారు. ఆ రెండు నిమిషాలు "మా నాన్న ఎలా ఉన్నారు సార్?" అని వాడేస్తే "బాగానే ఉన్నారు" అనే జవాబు వస్తుంది. ఇలా అడగండి: "సార్, మొన్న క్రియాటినిన్ 0.9, ఇవాళ 1.3, నిన్న మొత్తం మూత్రం 600. దీన్ని బట్టి ఏ మందుల డోసు మార్చాలి?" ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ డోసు కిడ్నీ పనితీరు తగ్గితే తగ్గించాలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్‌ కూడా. అమికాసిన్, వాంకోమైసిన్ లాంటి యాంటీబయోటిక్స్ కిడ్నీకి బరువే, అయినా ప్రాణం నిలబెట్టడానికి అవే కావాల్సిన సందర్భాలుంటాయి, గూగుల్‌లో చూసి ఆపేయమని పట్టుబట్టకండి. సీటీ స్కాన్ అంటే కూడా భయం వద్దు, ఛాతీకి తీసే మామూలు హెచ్ఆర్‌సీటీలో రంగు మందు ఎక్కించరు.

చిన్న ఊళ్లో చేర్పించి ఉంటే, క్రియాటినిన్ పెరగడం మొదలైన రోజే అడగాల్సిన ఇంకో ప్రశ్న: ఇక్కడ నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) వస్తారా, ఐసీయూ మంచం దగ్గరే డయాలసిస్ చేసే వీలుందా? లేదంటే ఎక్కడికి మార్చాలో అప్పుడే మాట్లాడుకోవడం నయం, అర్ధరాత్రి ఆక్సిజన్ మీద అంబులెన్స్‌లో విశాఖకో హైదరాబాద్‌కో పరిగెత్తే కంటే.

డయాలసిస్ అనగానే "ఒకసారి పెడితే ఇక జీవితాంతం అంతే" అని సంతకం పెట్టకుండా కూర్చునేవాళ్లుంటారు. ఇలా హఠాత్తుగా వచ్చిన దెబ్బలో బతికి బయటపడ్డవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకు అవసరం తప్పిపోతుంది, అందరికీ కాదు. పొటాషియం మందులకు లొంగకపోయినా, రక్తంలో ఆమ్లం పెరిగిపోయినా, ఊపిరితిత్తుల్లో నీరు దిగకపోయినా, మత్తుగా ఉండి మాట తడబడుతున్నా ఆలస్యం చేయకూడదు. అలాంటివేవీ లేనప్పుడు డాక్టర్ "ఒకరోజు చూద్దాం" అంటే అది నిర్లక్ష్యం కాదు. 2020లో దాదాపు 3,000 మంది ఐసీయూ పేషెంట్లతో చేసిన స్టార్ట్-ఏకేఐ ట్రయల్‌లో తొందరపడి మొదలుపెట్టడం వల్ల ప్రాణాలేమీ అదనంగా దక్కలేదు.

డిశ్చార్జ్ రోజు సమ్మరీలో కిడ్నీ దెబ్బతిన్న సంగతి, చివరి క్రియాటినిన్ అంకె రాశారో లేదో చూసుకుని, లేకపోతే రాయించుకోండి. ఆపిన బీపీ, షుగర్ మాత్రల్లో ఏది ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో కూడా. క్రియాటినిన్ ఎన్ని రోజులకు మళ్లీ చేయించాలో అడగండి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో చేయిస్తారు. మూడు నెలలకు ఇంకోసారి, ఈసారి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూసే పరీక్షతో కలిపి, మనిషి చక్కగా తిరుగుతున్నా సరే. తర్వాత ఎప్పుడైనా మోకాళ్ల నొప్పులకు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన పెన్ను తీయకముందే ఈ సమ్మరీ ఆయన చేతిలో పెట్టండి.